ముందు కన్ను గియ్

పొద్దున్నే దువ్వాడలో మా అపార్ట్‌మెంట్ కింద పచ్చి చేపల నీచు వాసన రాగానే నా చెయ్యి పెన్సిల్ కోసం తడుముకుంటుంది. నేనిప్పుడు బడిలో డ్రాయింగ్ టీచర్ని. మీ గురువెవరని పిల్లలు అడిగితే నూకాలమ్మ అంటాను. ఆవిడ జీవితంలో పెన్సిల్ పట్టలేదు. జాలరిపేటలో, అప్పటి మా ఇంటికి దగ్గర్లోనే చేపలమ్మేది.

ఇంటర్ అయ్యాక ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్ష రాశాను. సమయం చాలక బొమ్మ సగంలో ఆగిపోయింది, సీటు రాలేదు. నాన్న ఒక్క ఏడాది గడువిచ్చారు. మళ్ళీ తప్పితే బీకాంలో చేరాలి. లెక్కలంటే నాకు చలిజ్వరం. బొమ్మల పుస్తకం పట్టుకుని నూకాలమ్మ గంప పక్కన చేరాను. ఆవిడ ఒక కానాగంత చేపను పీట మీద పెట్టి, "బేరం వచ్చీదాకా ఇది నీది. వత్తే నాది" అంది.

నేను తోక దగ్గర మొదలుపెట్టి పొలుసులు ఒక్కొక్కటే దిద్దుతుండగానే చేప ఎవరి సంచిలోకో వెళ్ళిపోయేది. నెలరోజులు నా పుస్తకం నిండా తలల్లేని చేపలే. ఒకరోజు ఉక్రోషం ఆపుకోలేక, "కాసేపు ఆగొచ్చు కదత్తా!" అన్నాను.

"నువ్వు గీత్తన్నావని సేప ఆగుతాదేటే? ముందు కన్ను గియ్. అదే ముందు పోద్ది."

చేప పాతబడితే మొదట గుంటపడేది కన్నేనట. అప్పట్నుంచి కన్ను, తర్వాత పొట్ట గీత, వీలుంటేనే పొలుసులు. నడుమ ఒక వారం బద్ధకించి, ఇంట్లోనే గుర్తున్న చేపల్ని గీసి తెచ్చాను. ఆవిడ పేజీని వాసన చూసినంత పని చేసింది.

"ఇవి మొన్నటి సేపలే. కళ్ళు సూడు, గుంటలు పడిపోనాయి. నానైతే అమ్మను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఒక్కరోజు మానలేదు.

పరీక్ష ముందురోజు గీసిన చందువ చేపను చాలాసేపు చూసి, పక్క గంప ఆవిడకు చూపించి, "ఇది అమ్మొచ్చే" అంది. అంతకు మించిన పొగడ్త ఆ నోట ఎప్పుడూ వినలేదు. మర్నాడు పరీక్షలో ఎదురుగా పెట్టిన కూజాను బెల్లు కొట్టకముందే పూర్తిచేశాను. సీటొచ్చింది.

నూకాలమ్మ పోయి రెండేళ్ళు. "మాయమ్మ బొమ్మ ఏటైనా గీసినావా అప్పా?" అని నన్ను అక్కగా చూసే ఆవిడ కూతురు అడిగితే పాత పుస్తకాలన్నీ తిరగేశాను. వందల చేపలున్నాయి. నూకాలమ్మ బొమ్మ ఒక్కటీ లేదు. ఒక పేజీ అంచున తోకను పట్టుకున్న బొటనవేలు మాత్రం ఉంది, అదీ చేప కోసం గీసిందే. ఆవిడ రోజూ అక్కడే ఉంటుంది కదా అనుకున్నాను. ఆ తప్పు నాదే.

ఇవాళ ఆ నీచు వాసన రాగానే కిందికి దిగాను. చేపలావిడ గంప దించి కానాగంతను తీసి చూపించింది. "చేప తర్వాత తీసుకుంటానమ్మా, నువ్వలా కాసేపు కూర్చో" అని పుస్తకం తెరిచాను.

ముందు ఆవిడ కళ్ళు గీశాను.