చార్జింగ్ వైరు

భీమవరం దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే యెహెజ్కేలు చదివింది పదో తరగతే. అంతకుముందు పన్నెండేళ్లు రొయ్యల చెరువుల మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు బాగుచేశాడు. కంప్యూటర్ పని కూడా అలాగే విప్పి చూసి నేర్చుకున్నాడు. బాగుచేసిన మోటారు రైతుకే ఇచ్చి, "మీ ఇష్టమొచ్చినట్టు ఆడించండి. చెడితే నా ముందే చెడాలి" అనేవాడు.

ఆ ఏడు యూనివర్సిటీ వాళ్లు, ఆన్‌లైన్ పరీక్ష జరిగే కంప్యూటర్లలో ప్రశ్నపత్రం తప్ప మరేదీ తెరుచుకోకూడదన్నారు. అలా కుదరకపోతే పిల్లలంతా రాజమండ్రి వెళ్లి రాయాలి. యెహెజ్కేలు అరవై కంప్యూటర్లలో డబ్బు కట్టక్కర్లేని లినక్స్ ఎక్కించి, పరీక్ష పేజీ ఒక్కటే చూపించే బ్రౌజర్ పెట్టాడు. ల్యాబ్ నెట్‌లో బయటి సైట్లన్నీ ఆపేశాడు.

"ఊరికే దొరికేదాన్ని నమ్మొచ్చా యెహెజ్కేలూ?" అన్నారు ప్రిన్సిపాల్ ఉదయభాస్కర్.

"రాసినోళ్లు కోడంతా బయటే పెట్టేరండి, విప్పి చూసుకోవచ్చు. సీలేసిన మోటారు నేనెప్పుడూ నమ్మలేదండి."

పరీక్షకు రెండు రోజుల ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, "దీన్ని పాడుచెయ్యండి చూద్దాం" అన్నాడు. గంటసేపు అన్ని మీటలూ నొక్కారు. ఏదీ కదల్లేదు. చూస్తూ కూర్చున్న ప్రిన్సిపాల్ లేవబోతుంటే మూడో వరసలో రమ్యశ్రీ చెయ్యెత్తింది. ఆమె స్క్రీన్ మీద బయటి సైటు తెరిచి ఉంది. సీపీయూకి వైరుతో ఫోను తగిలించి ఉంది. ఫోనులోని నెట్ ఆ వైరులోంచే రావడంతో, పరీక్ష పేజీ అడుగునున్న లింకు నొక్కగానే ఆ సైటు తెరుచుకుంది.

"చార్జింగ్ పెట్టుకోమని మీరే అన్నారు కదండీ" అందామె.

నిజమే. దూరం నుంచి బస్సుల్లో వచ్చే పిల్లల ఫోన్లు మధ్యాహ్నానికే ఆగిపోతాయని రోజూ యెహెజ్కేలే కంప్యూటర్లకి తగిలించుకోనిచ్చేవాడు.

"నీ మంచితనమే కొంప ముంచిందయ్యా. రాజమండ్రికి బస్సులు మాట్లాడనా?" అన్నారు ప్రిన్సిపాల్.

"రేపటిదాకా ఆగండి" అన్నాడు యెహెజ్కేలు.

కీబోర్డు, మౌసు తప్ప వైరుతో ఏది తగిలించినా కంప్యూటర్ పట్టించుకోకుండా చేశాడు. మర్నాడు రమ్యశ్రీ మూడు ఫోన్లు, నాలుగు వైర్లు మార్చి చూసింది.

"ఇంక నావల్ల కాదండి. ఇంక దీనికి ఫోను తగిలించనివ్వరుగా, మరి మా చార్జింగో?"

పరీక్ష రోజు పొద్దున ల్యాబ్ తలుపు బయట గోడకి అరవై గళ్ల చెక్క బిగించి ఉంది. గడికో నంబరు, గడికో చార్జింగ్ వైరు. ఫోన్లు బయట పెట్టమని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మూడు గంటల్లో ఒక్క కంప్యూటర్‌లో కూడా బయటి సైటు తెరుచుకోలేదు. మిగతా పరీక్షలూ ఇక్కడేనని ప్రిన్సిపాల్ నోటీసు రాయించారు.

రమ్యశ్రీ తన గడిలోంచి ఫోను తీసుకుంది. "నూటికి నూరూ ఎక్కిందండి."

"పరీక్ష సంగతి చెప్పమ్మా" అన్నాడు యెహెజ్కేలు.

"అది డెబ్భై దాకా రావచ్చండి."