వీడియో కాల్‌లో కనపడే దూలం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. వాటి గురించి వినే ఓపిక అంతకన్నా లేదు. చందానగర్‌లో కిరాయి ఇల్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం, వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని. ఆ రెండు రోజులే నా ప్రాణం తీసేవి.

మోకాళ్ల వైద్యానికని అమ్మ ఊరి నుంచి వచ్చి నా దగ్గరుంది. ఊళ్లో పక్కింటి రాజవ్వ చిన్నమ్మకు టీవీ లేదు, రోజూ మా ఇంటికొచ్చి అమ్మతో సీరియల్ చూసేది. ఇక్కడికొచ్చినా అమ్మ ఆ అలవాటు మానలేదు. మధ్యాహ్నం కాగానే వీడియో కాల్ కలిపి, ఫోన్‌ను టీవీకి ఎదురుగా చెంబుకు ఆనించి పెట్టేది. చిన్నమ్మ అక్కడి నుంచి చూసేది. ఇద్దరూ కలిసి సీరియల్‌లో అత్తను తిట్టిపోసేవాళ్లు. చిన్నమ్మకు ఫోన్ సరిగ్గా పట్టుకోవడం రాదు. మాకెప్పుడూ వాళ్లింటి దూలమే కనపడేది, మనిషి కాదు.

“జర సౌండ్ తగ్గియ్యమ్మా, మీటింగుంది.”

“తగ్గిస్తే రాజవ్వకెట్ల ఇనవడ్తది?”

తల బాదుకోవాలనిపించేది.

ఆ రోజు మీటింగ్‌లో మేనేజర్, “మీ ఇంట్లో ఎవరైనా ఏడుస్తున్నారా?” అని అడిగాడు. ఒళ్లు మండిపోయింది. హాల్లోకి వెళ్తే అమ్మ నిద్రపోతోంది. టీవీ మోగుతోంది. ఫోన్‌లో అదే దూలం. టీవీ కట్టేసి, ఫోన్ స్విచాఫ్ చేసి, నా గదిలోకి తెచ్చుకుని తలుపేసుకున్నాను.

కాసేపటికి ఆ ఫోన్‌లోంచి మాట వచ్చింది. “పోరీ, పాలు పొంగినయ్. పొయ్యి జూడు.”

చిన్నమ్మ గొంతే. విసుగ్గా ఫోన్ తీసి చూశాను. తెర నల్లగా ఉంది. మళ్లీ అదే మాట, ఈసారి గట్టిగా.

తలుపు తీస్తే గుప్పుమని గ్యాస్ వాసన. అమ్మ పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పాలు పొంగి మంట ఆరిపోయింది. పొయ్యి కట్టేసి, కిటికీలు తెరిచి అమ్మను లేపాను. నాలుగుసార్లు కుదిపితే గానీ కళ్లు తెరవలేదు.

సాయంత్రం చిన్నమ్మకు ఫోన్ చేస్తే కలవలేదు. వాళ్లబ్బాయికి చేస్తే ఆమెకిచ్చాడు.

“నా ఫోన్ నీళ్లల్ల వడి మూడొద్దులాయె బిడ్డా. రిపేర్‌కిచ్చినం. సీరియల్ లేక పరేషానైతున్న.”

అమ్మ ఫోన్‌లో చూశాను. మూడు రోజులుగా ఒక్క కాల్ కూడా లేదు. “రోజు మాట్లాడుతనే ఉన్న గదనే,” అంటుంది అమ్మ. ఆ మధ్యాహ్నం దూలం నేనూ చూశాను.

చిన్నమ్మ ఫోన్ బాగై వచ్చింది. సౌండ్ గురించి నేను పోట్లాడటం మానేశాను. అమ్మ కునుకు తీసినా టీవీ కట్టను. ఆ రోజు అవతల ఎవరున్నారో నాకు తెలియదు. కానీ అమ్మను కనిపెట్టుకుని ఉన్నది వాళ్లే. నేను తలుపేసుకున్నాను.