యాక్సిల్ నుంచి గ్రీజు దాకా

బేరం ఆడకుండా ఏదీ కొనడం నాకు చేతకాదు. చోడవరం బజారులో మా తాతది, మా నాన్నది, ముగ్గురు బాబాయిలవి వరసగా కొట్లు. అన్నప్రాశన నాడు నా ముందు పెట్టినవాటిలో నేను దేన్ని పట్టుకున్నానో నాకెవరూ చెప్పలేదు గానీ, పట్టుకునే ముందు మొహం చిట్లించి ఉంటానని మాత్రం నమ్మకం. సరుకు నచ్చిందని ఎదటివాడికి తెలియనివ్వకూడదు కదా.

స్వరాజ్యం వచ్చిన ఏడెనిమిదేళ్లకి ఒక పాత కారు కొన్నాను. టాక్సీగా తిప్పుతానని ఇంట్లో చెప్పాను. అసలు కారణం వేరు. నా భార్య పుట్టిల్లు దేవరాపల్లి దాటి లోపలికి. అటు బస్సు పోదు. కిందటేడు ఏడో నెలలో పురిటికి ఎడ్లబండి మీద తీసుకెళుతుంటే దారిలోనే నొప్పులొచ్చాయి. ఆ బిడ్డ దక్కలేదు. కుదుపుల వల్లేనా అని అడిగితే డాక్టరు అవుననలేదు, కాదనలేదు. ఇప్పుడు మళ్లీ ఏడో నెల. బండి మాటెత్తితే చాలు, ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. అందుకని కారు.

కొన్న నాలుగో రోజు నుంచి చక్రాల దగ్గర ఒకటే శబ్దం. టక్, టక్, టక్. మెల్లగా పోతే మెల్లగా, జోరుగా పోతే జోరుగా.

కూతుర్ని తీసుకెళ్లడానికి మా అత్తగారు వచ్చింది. ప్రయాణానికి పెట్టుకున్న మంచిరోజు ఇంకా వారం ఉంది. ముచ్చటపడి ఆవిణ్ణి ఊరి చివరిదాకా కారులో తిప్పాను. దిగుతూనే అంది:

“బాబూ, ఇది కారేటి, కమ్మరి కొలిమేటి? ఇలా టకటకలాడే దాంట్లో కడుపుతో ఉన్న నా గుంటని ఎక్కించను. గడ్డి మెత్తగా పరిపించి బండి కట్టిస్తాను.”

వంటింట్లో గిన్నె జారిపడిన చప్పుడయింది.

ఆ మధ్యాహ్నమే అనకాపల్లి వెళ్లాను. మెకానిక్కు నన్ను కారు అటూ ఇటూ నడపమని, దూరంగా నిలబడి విన్నాడు.

“యాక్సిల్ పోయేలా ఉంది బాబూ” అన్నాడు. ఖర్చు చెప్పాడు.

నేను అలవాటు ప్రకారం నవ్వాను. “యాక్సిలా! అంతెందుకవుతాది? ఇంకోలా సూడు.”

అతను కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు. “పోనీ, బేరింగు అనుకుందాం.”

నేను మొహం చిట్లించి రెండడుగులు వెనక్కి వేశాను. అది మా ఇంట్లో తరతరాల ఆయుధం.

“సరే రండి, గ్రీజు పెట్టిస్తాను. గ్రీజుకైనా ఇస్తారా?”

యాక్సిల్ లాంటి యాక్సిల్‌ని గ్రీజు దాకా దించిన మొనగాణ్ణి! ఆ సంతోషం అనకాపల్లి పొలిమేర దాటేదాకా ఉంది. అక్కడ మళ్లీ టక్.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే, నా భార్య అంతా విని, “మీరు బేరవాడింది అతనితోటా, సప్పుడుతోటా?” అంది.

వాళ్ల నాన్నకి బెల్లం బండ్లున్నాయి. ఆమె చక్రాల చప్పుడు వింటూ పెరిగిన మనిషి. మర్నాడు పొద్దున్నే తమలపాకుల పెట్టెలోంచి సున్నం తెచ్చి, నాలుగు చక్రాలకీ ఒక్కొక్క గీత పెట్టింది. రైసుమిల్లు పొడుగాటి గోడ పక్కకి కారు తెమ్మంది. చప్పుడు గోడకి తగిలి తిరిగొస్తుందట.

“ఒసే, కడుపుతో వీధిలో ఏటే ఈ పనులు?” అత్తగారు వెంటపడింది.

“నువ్వూరుకోవే అమ్మా. ఏవండీ, మనిషి నడిచేటంత మెల్లగా పోనీయండి.”

నేను నడుపుతున్నాను, పక్కన ఆమె నడుస్తోంది, వెనక అత్తగారు. మిల్లు కూలీలు పని ఆపి చూశారు. “సావుకారు బాబు కారుని ఊరేగిస్తన్నాడ్రోయ్!” అని ఎవడో అరిచాడు.

ఎడమవైపు గోడకి పెట్టి నడిపితే చప్పుడు గట్టిగా వినబడింది. తిప్పుకొచ్చి కుడివైపు పెడితే అంతంతమాత్రం. ఇంకోసారి ఎడమవైపు నడిపించి, ఆమె ముందు చక్రం గీతని కాసేపు చూసి వదిలేసి, వెనక చక్రం గీత మీద కళ్లు పెట్టింది.

“ఆపండి. ఇదే. సున్నం గీత కిందికొచ్చినప్పుడల్లా కొడతంది.”

జాకీ పెట్టి, చక్రం మూత తీసి, పానాతో నట్లన్నీ చూశాను. “అన్నీ బిగువుగానే ఉన్నాయి” అన్నాను.

“మరి ఇదేటి, ఎర్రగా?”

రెండు నట్ల చుట్టూ తుప్పు రంగు పొడి.

“మా బండి చక్రం దగ్గర చీల వదులైతే ఇలాగే పొడి రాల్తాది. ఇనుం ఇనుంతో రాసుకుంటంది.”

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లాగాను. వెంట్రుకవాసి కదిలింది. టక్ అంది. ఆ చిన్న కదలిక అరచేతికి తెలిసింది. దీంట్లోనే కదా ఆమెను ఎక్కిద్దామనుకున్నాను!

కారు అక్కడే వదిలి, బస్సులో వెళ్లి మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చాను. అతను నట్లు విప్పి చూపించాడు. బోల్టుల మర అరిగి పాడైంది. నట్టు చక్రాన్ని అదిమే లోపే మధ్యలో పట్టేసి, బిగిసినట్టు నటిస్తోంది. చక్రానికున్న రంధ్రాలు కోలగా అరిగిపోయాయి.

“నిన్ననే సెప్పొచ్చు కదా!” అన్నాను.

“దూరం నించి ఇని యాక్సిలనీసేను, అది నా తప్పే. సక్రం ఇప్పి సూద్దావంటే మీరు సూడనిచ్చేరేటి? అంతెందుకు, అంతెందుకు అన్నారు. నిన్న మీరు గ్రీజు కొన్నారు, నేను గ్రీజు అమ్మేను.”

కొత్త బోల్టులు, నట్లు, వేరే చక్రం అన్నాడు. ధర చెప్పాడు. బేరానికి నా నోరు తెరుచుకుంది. మిల్లు గోడ నీడలో నా భార్య నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. నోరు మూసుకుని జేబులో చెయ్యి పెట్టాను. అడిగింది అడిగినట్టు ఇచ్చినవాడు మా వంశంలో నేనే మొదటివాణ్ణయి ఉంటాను. మెకానిక్కుకే ఏదో అనుమానమొచ్చి, తనంత తనే రెండు రూపాయలు తగ్గించాడు.

పని అయ్యాక అత్తగారు అదే గోడ పక్కన కారుతో పాటు రెండుసార్లు నడిచింది. నేరుగా ఇంటికెళ్లి మూటలు కట్టుకుంది.

మంచిరోజున బయల్దేరాం. తల్లీ కూతుళ్లు వెనక సీట్లో. దేవరాపల్లి దారంతా చెరకు కోతలు. గుంత వచ్చినా, కల్వర్టు వచ్చినా చెవులు చక్రాల మీదే పెట్టాను. ఇంజను మోత తప్ప ఏమీ లేదు. వెనకనుంచి మాటా లేదు. ఆమె కిందటేడు తలచుకుని భయంతో బిగుసుకుపోయిందనుకున్నాను. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు.

మామగారు వాకిట్లోనే నిలబడి ఉన్నారు. కారు ఆగీ ఆగకముందే తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

“ఎలగున్నావే అమ్మా? నడుం గాని నొప్పెడతందా?”

ఆమె తల్లి భుజం మీంచి తలెత్తి, కళ్లు నులుముకుంది.

“వచ్చీసేమా నాన్నా? నిద్రట్టీసింది.”