పీపా మీద ఎర్రగుడ్డ

జకర్యన్న ఇంట్లో ప్రెషర్ కుక్కర్ లేదు. పెళ్లికి అత్తగారిచ్చినదాన్ని ఆయన భార్య కాంతమణక్క ఉసూరుమంటూ చెల్లెలికి ఇచ్చేసింది. విజిల్ రాబోయే ముందు మూత గడగడలాడే ఆ కాసేపు ఆయన ఇంట్లో ఉండలేడు. చెప్పులేసుకుని వాకిట్లో నిలబడతాడు. బాయిలర్ దగ్గర పనిచేసే ఖలాసీకి కుక్కరంటే భయమేందని లాలాగూడ రైల్వే క్వార్టర్లలో అందరూ ఏడిపించేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు.

వాళ్ల నాయన అబ్రహాం కూడా రైల్వే వర్క్‌షాపులోనే చేశాడు. ఎవరో మూయడం మరిచిన వాల్వు ముందు నిలబడి రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికించుకున్నాడు. కట్లు విప్పేదాకా ఆయనకు అన్నం తినిపించింది చిన్నప్పటి జకర్యాయే. తర్వాత తనూ అదే షాపులో చేరాడు. అక్కడ వాళ్లకొక పద్ధతి ఉండేది. పని ముగిశాక కనిపించిన ప్రతి వాల్వూ మూయాలి, మూసినదానికి ఎర్రగుడ్డ పేలిక కట్టాలి. కట్టినవాడు తప్ప ఇంకొకడు దాన్ని విప్పకూడదు. జకర్యన్న సర్వీసంతా ఈ పద్ధతి మీదే ప్రాణాలు పెట్టుకుని బతికాడు. చివరికి ఆ భయం తట్టుకోలేక ముందే రిటైర్మెంటు తీసుకుని మా ఆస్పత్రికి వచ్చాడు. ఇక్కడా బాయిలరే దొరికింది, ఖర్మ.

మాది మల్కాజ్‌గిరి దారిలో ఉన్న కాన్పుల ఆస్పత్రి. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి అక్కడ జనరేటర్ నడుపుతున్నాను. నెలలు నిండని పిల్లల గది పై అంతస్తులో ఉంది. దాని గోడలకు ఇనుప పలకలుంటాయి, చలికాలం వాటిలో వేడినీళ్లు తిరుగుతాయి. పెరటి షెడ్డులో బాయిలర్ ఆ నీళ్లు కాచి పంపుతుంది, చల్లారి తిరిగొచ్చినవి మళ్లీ కాస్తుంది. చిక్కల్లా పంపులతో. బాయిలర్ పంపూ వార్డుల పంపులూ ఒకదాని నీళ్లు ఒకటి లాక్కునేవి. ఆపరేషన్ థియేటర్ పంపు వేస్తే చాలు, పిల్లల గది చల్లబడేది.

ఆ తగువు తీర్చడానికి కంపెనీవాళ్లు బాయిలర్‌కీ వార్డులకీ మధ్య లావాటి ఇనుప గొట్టమొకటి నిలువునా బిగించారు. దాని పేరు హైడ్రాలిక్ సెపరేటర్. మేం పీపా అన్నాం. ఒక పక్క బాయిలర్ నీళ్లు వచ్చిపోతాయి, ఇంకో పక్క వార్డుల నీళ్లు. ఇక ఎవరి పంపు వాళ్లకు కావలసినంతే తీసుకుంటుంది. పీపాలో నీళ్లు నెమ్మదిస్తాయి కాబట్టి గాలి పైకి తేలుతుంది, తుప్పు అడుక్కి దిగుతుంది. గాలి పోవడానికి నెత్తిన ఒక ఇత్తడి బుడ్డి, దాని మెడ దగ్గర చిన్న వాల్వు. బురద తీయడానికి అడుగున ఇంకో వాల్వు.

బిగించిన మెకానిక్ జకర్యన్నకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అడుగుది వారానికోసారి తెరిచి, నల్లనీళ్లు పోయాక మూసెయ్యాలి. పైది ఎప్పుడూ తెరిచే ఉండాలి. జకర్యన్న తల ఊపాడు. చెవి విన్నది, చెయ్యి వినలేదు.

శనివారం శనివారం ఆయన అడుగు వాల్వు తెరిచే తీరు చూడాలి. చేతికి తడి గోనె చుట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, కాళ్లు తలుపు వైపు పెట్టుకుని, పెదాలతో ప్రార్థన చేస్తూ తిప్పేవాడు. మొహం అటు పెడితే నీళ్లు నల్లగా ఉన్నాయో తెల్లబడ్డాయో ఎట్లా తెలుస్తుందని అడిగాను.

"నీ కండ్లున్నయ్ గద తమ్మీ. నువ్వు చూసి చెప్పు" అన్నాడు.

ఆ చలికాలం తెలంగాణ బందులతో ఊరు సగం రోజులు మూసే ఉంది. అట్లాంటి ఒక బందు పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి షెడ్డులోంచి ఎవరో గొట్టాల్ని సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు వస్తోంది. పంపులో కంకర పోసినట్టు గరగర. బాయిలర్ వేడి చూపే ముల్లు తొంభై డిగ్రీలు దాటి వణుకుతోంది. జకర్యన్న షెడ్డులో లేడు, బయట వేపచెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. మంట కూడా ఆపకుండానే బయటికి వచ్చేశాడు. నేనే లోపలికి పోయి బర్నర్ స్విచ్చి తీశాను. 

మేట్రన్ డోరా సిస్టర్ పైనుంచి దిగి వచ్చింది. నర్సాపురం మనిషి, గొంతు పెంచదు. పలకలు మంచులా ఉన్నాయట. ఉన్న ఒక్క కరెంటు హీటరూ పెట్టారట. రెజిమెంటల్ బజార్ నుంచి వచ్చిన సుమిత్ర తన బిడ్డను జాకెట్‌లోపల రొమ్ముకు అదుముకుని కూచుందట. అన్నిట్లోకీ చిన్న బిడ్డ అదే.

"జకర్యా గారూ, ఆ పిల్ల కాళ్లు చల్లబడిపోతున్నాయండీ" అంది.

ఆయన మెకానిక్ రాకుండా ముట్టకూడదన్నాడు. పీపా పేలుతుందన్నాడు, షెడ్డు లేచిపోతుందన్నాడు. నేను బాలానగర్‌లో ఉండే మెకానిక్‌కు ఫోన్ చేశాను. చౌరస్తాలో టైర్లు కాలుస్తున్నారు, సాయంత్రం దాకా కదలలేనన్నాడు మెకానిక్. సిస్టర్ ఇంకేమీ అనకుండా మెట్లెక్కి పోయింది. అదే ఆయన్ను కదిపింది అనుకుంటా. తిడితే అక్కడే నిలబడి ఉండేవాడు.

తలుపు దాకా వచ్చాడు. నేను లోపలినుంచి పీపాను కిందినుంచి పైకి చూసుకుంటూ పోయి ఆగాను. ఇత్తడి బుడ్డి మెడ దగ్గర ఎర్రగుడ్డ ముడి ఉంది.

"అన్నా, పైదానికి గుడ్డ ఎవలు కట్టిన్రు?"

ఆయన మొహంలో నెత్తురు లేదు. మా ఆస్పత్రిలో ఆ ముడి వేసేవాడు ఇంకొకడు లేడు. ఏ శనివారమో బురద తీసి, అడుగుది మూసి, అదే ఊపులో పైది కూడా మూసి కట్టేశాడు. పోయే దారి లేక గాలంతా పీపా నెత్తిన పేరుకుంది. అక్కడినుంచి వార్డు గొట్టాల్లోకి చేరి నీళ్లకు అడ్డం పడింది.

నేను విప్పుతానని స్టూలు జరిపాను. వద్దన్నాడు.

"కట్టినోడే ఇప్పాలె. నువ్వు జెర స్టూలు పట్టు."

పంపులన్నీ ఆపించాడు. ఎక్కాడు. నేను రెండు చేతులా స్టూలు పట్టుకున్నాను. ముడి తడిసి బిగిసిపోయింది, కళ్లు దగ్గర పెట్టకుండా రాదు. మొహం తిప్పుకోవడానికి ఈసారి వీల్లేదు. గుడ్డ రాగానే వాల్వు తిప్పాడు. బుస్సుమని గాలి మొదలై ఎంతసేపటికీ ఆగలేదు. చివర్న వేడినీళ్ల తుంపర చిమ్మి ఆయన మణికట్టు మీద పడింది. ఒళ్లంతా ఎగిరిపడింది, చెయ్యి మాత్రం తీయలేదు.

"నీళ్లొచ్చినయ్ తమ్మీ. నింపు" అన్నాడు.

గాలి పోయిన మేరకు కొత్తనీళ్లు నింపాం. పంపులు వేశాక గరగర పోయింది, బర్నర్ మళ్లీ వెలిగించాం. ఆయన్ను బర్నర్ దగ్గర వదిలి నేను పైకి ఉరికి, పలకల చివర మరలు వదులు చేసి మిగిలిన గాలి తీశాను. వేడి మెల్లగా ఎక్కింది. సుమిత్ర నావైపు చూడను కూడా లేదు, బిడ్డ పాదాన్ని గుప్పిట్లో పట్టుకుని కూచుంది.

కిందికి వస్తే జకర్యన్న ఒక్కటే అడిగాడు. "పిల్ల ఉన్నదా?"

ఉంది, కానీ ఒళ్లు ఇంకా వేడెక్కలేదని చెప్పాను. ఆయన పైకి పోలేదు. మణికట్టు ఎర్రగా పొంగుతుంటే దాన్ని చూసుకోకుండా ముల్లునే చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక సిస్టరే వచ్చింది. పిల్ల ఒళ్లు వెచ్చబడిందని, పాలు చప్పరించిందని చెప్పింది. ఆయన అప్పుడు నోరు విప్పాడు. పైది మూసింది తనేనని, గుడ్డ కూడా తనదేనని, ఈ పనికి ఇంకొకణ్ని చూసుకోమని అన్నాడు.

సిస్టర్ ఆయన మణికట్టుకు మందు రాసింది. ఆ తర్వాతే మాట్లాడింది.

"ఇంకొకడెవడొస్తాడండీ ఈ బందులో? రాత్రికి చలి పెరుగుద్ది. మళ్లీ చల్లబడితే మిమ్మల్నే పిలుస్తాను. ఇక్కడే కూచోండి."

ఆయన కూచున్నాడు. తలుపు దగ్గర కాదు, పీపా పక్కన. చీకటి పడేదాకా గొట్టంలో ఏ చిన్న చప్పుడైనా లేచి నిలబడ్డాడు. పై నుంచి పిలుపు రాలేదని తేలాక మళ్లీ కూచున్నాడు.