మిషనుకు చూపించే చెడ్డ పీసులు

పొద్దున్నే కంపెనీలోకి పోగానే నేను చేసే మొదటి పని చెడ్డ పీసులను మిషనుకు చూపించడం. ఎర్రమూత డబ్బాకు తాళం ఉంటాది, తీస్తాను. స్ప్రింగు లేనిది, ఇత్తడి రేకు తిరగబడింది, కాలు వంకరపోయింది, అన్నీ అట్టాంటివే. ఒక్కొక్కటీ పెడతాను. మిషను ఎర్రలైటు వెలిగించి పక్కకు తోసేస్తాది. అన్నిట్నీ తోసేస్తేనే ఆ రోజు దాని చూపు బాగున్నట్టు లెక్క. అప్పుడే మంచి పీసుల పని మొదలుపెడతారు. ఆ చెడ్డ పీసులన్నీ నేను చేతులారా చెడగొట్టినవే.

మాది తోటపల్లి గూడూరు పక్క. మా ఆయనా, మా బావా రొయ్యల గుంటలు చూసుకుంటారు. కంపెనీ కృష్ణపట్నం పోయే దోవలో ఉండాది. కారు అద్దాలు పైకీ కిందికీ జరిపే స్విచ్చిలు బిగిస్తాం అక్కడ. బిగిస్తాం అంటున్నాను, బిగించేవాళ్ళం. నన్ను అందులో చేర్పించింది మా తోడికోడలు. బావ పెళ్ళాం, అక్కా అంటాను. అక్క అంతకుముందు రొయ్యలు ఒలిచే షెడ్డులో చేసేది. పొద్దస్తమానం ఐసునీళ్ళలో చేతులు. వేళ్ళు వాచిపోయి, తోలు ఊడి, అన్నం కలుపుకుంటే కూర కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. స్విచ్చిల కంపెనీలో పడినాకే ఆ చేతులు మానినాయి.

"చచ్చినా ఇంక ఆ షెడ్డు గడప తొక్కను మే" అనేది.

లైనులో అందరం ఆడోళ్ళమే. పొడుగు బల్ల, వరసగా కూర్చుంటాం, నీలం ట్రేలో పీసులు ఒకరి ముందునుంచి ఒకరి ముందుకు పోతా ఉంటాయి. చేతిలో సన్న పట్టకారు. అక్కడ మా పద్ధతి ఒకటే. నీ ముందుకు వచ్చిన పీసు తప్పుగా ఉంటే అది ఎవరు చేసింది, ఎందుకు చేసింది అని రాద్ధాంతం చెయ్యగూడదు. సరిచేసి ముందుకు తొయ్యాల. కొత్తలో నేను వంకరకాలు పీసును చూసుకోకుండా తోసేస్తే అక్క పట్టకారుతో నా మణికట్టు మీద ఒక్కటిచ్చింది. "కళ్ళు గుంటలో పారేసి వచ్చినావా?" అనింది. లైనంతా నవ్వినారు. నాకు ఒళ్ళు మండింది గానీ ఆ తర్వాత నా చెయ్యి కూడా తప్పు మీదికి దానంతట అదే పోవడం నేర్చుకునింది. అక్క చేతులైతే ఇంక చెప్పబళ్ళేదు. బస్సులో పక్కనామె కమ్మ కొక్కెం వంగినా, ఎవరి పట్టీ మర ఊడినా, మాట్లాడతా మాట్లాడతానే బాగుచేసి ఇచ్చేసేది.

ఇట్టా ఉండగా ఒకరోజు మేనేజరు సారు అందర్నీ నిలబెట్టి జర్మనీ మిషను సంగతి చెప్పినాడు. అక్కడ ఒక కంపెనీ ఉండాదంట. వస్తువులు బిగించే మిషన్లూ, బిగించినవి బాగున్నాయో లేదో చూసే మిషన్లూ, అవే వాళ్ళ పని. మన స్విచ్చి పంపిస్తే మన స్విచ్చికి మాత్రమే పనికొచ్చేట్టు ఒకటి తయారుచేస్తారంట. అది ఓడ దిగి రేవులో ఉండాదన్నాడు. లైను ఎత్తేస్తున్నాం అని కూడా ఆ గొంతుతోనే చెప్పినాడు. మిషను దగ్గర ఒక్క మనిషి చాలంట. అందాకా అక్కనూ నన్నూ ఉండమని, ఆ ఒక్కరూ మా ఇద్దరిలో ఎవరో మిషను నడిచినాక చెప్తానన్నాడు.

ఆ సాయంత్రం బస్సు ఎక్కినాం. అక్క తన వేళ్ళు తనే చూసుకుంటా కూర్చునింది. నాకు ఏడుపు వస్తాదేమో అనుకున్నాను, రాలేదు. ఆకలి మాత్రం వేసింది.

మిషను వెంట జర్మనీ నుంచి ఒకాయన వచ్చినాడు. తలుపుకు తల తగిలేంత మనిషి. మేము మిషనుకు పసుపూ కుంకుమా పెట్టి టెంకాయ కొట్టబోతే, కెమెరా అద్దం మీద ఎక్కడ బొట్టు పెడతామో అని పాపం రెండు చేతులూ అడ్డం పెట్టుకోని నిలబడినాడు. "మొగుడికి కూడా ఇంత కాపలా కాయలేదు నేను" అనింది అక్క. ఆయనకు అర్థం కాకపోయినా నవ్వినాడు. మంచి మనిషి. మా క్యాంటీను పెరుగన్నం ఇష్టంగా తినేవాడు.

ఆయన మేనేజరు సారుతో చెప్పించినాడు: మాకు చెడ్డ పీసులు కావాల, మీ ఇద్దరూ చేసి ఇవ్వండి అని. మిషను వాటిని పట్టుకుంటేనే పనిచేస్తున్నట్టు, అప్పుడే ఆయన సంతకం పెట్టి ఊరికి పోయేది. అక్క ఒక పీసు తీసుకోని స్ప్రింగు ఊడబెరికింది. కాసేపు దాన్ని అట్టా ఇట్టా తిప్పి, స్ప్రింగు మళ్ళీ పెట్టేసింది.

"నావల్ల కాదు మే. చెయ్యి పోవడంలా" అనింది.

నేను చేసినాను. రేకులు తిరగేసినాను, కాళ్ళు వంచినాను. నాకు తేలిగ్గానే వచ్చింది. అలవాటుకొద్దీ నీలం ట్రేలోనే సర్ది, మిషను పక్కన బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోను పోయినాను.

తిరిగొచ్చేసరికి టీ వచ్చింది. అక్క ఆ బల్ల దగ్గరే కూర్చోని, బావ లుంగీతో సహా గుంటలో జారిపడిన కథ క్యాంటీను ఆమెకు చెప్తా ఉండాది. ఇద్దరూ పడీ పడీ నవ్వుతున్నారు. అక్క చేతిలో పట్టకారు ఉండాది, పక్కన స్ప్రింగుల గిన్నె ఉండాది. నేను చూసినాను గానీ అక్క చేతులు ఊరికే ఉండడం ఎప్పుడు చూసినాను గనక, ఏమీ అనుకోలేదు.

టీ అయినాక జర్మనీ ఆయన ఆ ట్రేలో పీసులను మిషనులో పెట్టినాడు. పచ్చలైటు. ఇంకోటి పెట్టినాడు. పచ్చలైటు. ట్రే అంతా అయిపోయింది, ఒక్కటంటే ఒక్కటి తోసెయ్యలేదు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. మిషను తలుపులు తెరిచి, వైర్లు పీకి, లాపుటాపు ముందు పెట్టుకోని కూర్చున్నాడు. అన్నానికి కూడా లేవలేదు. మేనేజరు సారు ఫోనులో ఎవరికో సంజాయిషీ చెప్తా తిరుగుతున్నాడు. నాకు మనసులో ఒక ఆశ పుట్టింది. ఈ మిషను పనికిరాదని తిరిగి ఓడెక్కిస్తే మళ్ళీ అందరం బల్ల ముందు కూర్చోవచ్చు గదా అని. అక్క కూడా అదే అనుకుంటా ఉండాదనుకున్నాను.

అక్క మాత్రం లేచిపోయి ఆయన పక్కన నిలబడింది. ట్రేలోంచి ఒక పీసు తీసి వెలుతురుకు పెట్టి చూసింది.

"అయ్యయ్యో! ఇవి నేను బాగుచేసేసినానే! సార్, ఆయనకు చెప్పండి సార్, మిషను తప్పేం లేదు, పాపం పొద్దుట్నుంచీ తినను కూడా లేదు" అనింది.

సారు చెప్పినాడు. జర్మనీ ఆయన గది అదిరేట్టు నవ్వినాడు. అక్క రెండు చేతులూ పట్టుకోని ఊపినాడు. నేను మళ్ళీ చెడ్డ పీసులు చేసిచ్చినాను. మిషను అన్నిట్నీ పట్టుకునింది.

మరుసటి రోజు సారు నన్ను ఉండమన్నాడు. "మిషను దగ్గర చేతులు ఊరికే పెట్టుకునే మనిషి కావాలమ్మా" అన్నాడు. అక్క ఉండనీ సార్, నేను పోతాను అన్నాను. "ఇది నీ ఇష్టం కాదు" అన్నాడు. అక్కే నా భుజం మీద చెయ్యేసి, "ఇంట్లో ఒకరన్నా ఉండాల గదా మే, రాగాలు తీయబాక" అనింది. తన పట్టకారు నా జేబులో వేసి గేటు దాటిపోయింది. వారం తిరక్కుండానే రొయ్యల షెడ్డులో చేరింది.

ఇప్పుడు చెడ్డ పీసులకు అడుగున ఎర్రచుక్క పెట్టి తాళం వేస్తారు, ఎవరూ బాగుచెయ్యకుండా. అక్క పుణ్యమే అది. మేము చేసిన మంచి పీసులన్నీ ఏ ఊళ్ళో ఏ కార్లలో తిరుగుతున్నాయో తెలియదు. నేను చెడగొట్టినవి మాత్రం డబ్బాలో దూదిపరుపు మీద భద్రంగా ఉండాయి. మొదట్లో వంకరకాలు పీసు చేతిలోకి రాగానే బొటనవేలు దానంతట అదే పోయేది. పిడికిలి బిగించుకునేదాన్ని. ఎప్పుడు మానిందో తెలియదు గానీ ఇప్పుడు పోదు. తీస్తాను, పెడతాను, ఎర్రలైటు వెలుగుతాది. బాధగా ఉండాదా అంటే లేదు. ఏమీ లేదు.

ఇంటికి పోతే అక్క కొబ్బరినూనెలో పసుపు కలిపి వేళ్ళకు రాసుకుంటా ఉంటాది. "ఇవాళ కూడా పట్టుకునిందా నీ మిషను?" అని అడుగుతాది. పట్టుకునిందక్కా అంటాను.

మొన్న సాయంత్రం బావ గుంటకు పోతా టార్చిలైటు వెలగడంలేదని వసారాలో పెట్టిపోయినాడు. అక్క వెనకమూత విప్పితే స్ప్రింగు ఊడి చేతిలో పడింది. తిరిగి పెడదామని చూసింది. వాచిన వేళ్ళల్లోంచి అది జారిపోతా ఉండాది. వెతికి తీసుకోని మళ్ళీ పెట్టబోయింది, మళ్ళీ జారితే మళ్ళీ ఏరుకునింది.

"నువ్వు పెట్టు మే, నీ చేతులు బాగుండాయి గదా" అని టార్చి నాకు ఇచ్చింది.

తీసుకున్నాను. లోపలికి చూసినాను. స్ప్రింగు లేదు. పక్కకు తోసేసి, ఇంకో పీసు కోసం చెయ్యి చాపినాను.

అక్క నా మొహంలోకి చూసింది. స్ప్రింగు ఆమె అరచేతిలోనే ఉండాది.