కుడి కంటి మీద సర్పి

పిల్లలూ, ఆ రోజు పొద్దున దువ్వెన తగిలితేనే నుదుటి కుడివైపు భగ్గుమంది. వెంట్రుక కదిలినా మంటే. మర్నాటికి కనుబొమ్మ మీద నీటి బొబ్బలు లేచాయి. ఒకటి ముక్కు కొస మీద కూడా. ఎడమవైపు ఒక్కటీ లేదు.

"సర్పి లేసిందే. కుమ్మరాయనతోని జాజు పూయిస్తే ఆరిపోతది" అన్నాడు మీ తాత. సర్పికి ఎర్రమట్టి పూయడం మా దగ్గర అలవాటు. పూయించుకుంటే చల్లగానే అనిపించింది కానీ, సాయంత్రానికి కన్ను ఎర్రబడి రెప్ప మూసుకుపోయింది. మీ తాతే కంగారుపడి సూర్యాపేట బస్సు ఎక్కించాడు.

అక్కడి కంటి డాక్టరమ్మది కోదాడ. ముక్కు మీది బొబ్బ చూడగానే నా గడ్డం యంత్రం మీద పెట్టించి కంట్లోకి వెలుగు వేసింది.

"హెర్పీస్ జోస్టర్ అమ్మా. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"

"పోసింది బిడ్డా."

"ఆ వైరస్సే. ఇన్నాళ్ళూ కంటికీ ముక్కు కొసకీ పోయే నరంలో దాక్కుంది. ఇప్పుడు కంటి ముందరి అద్దంలాంటి పొర, కార్నియా మీదికొచ్చింది. మచ్చ పడితే ఈ కంటికి చూపు పోతుంది."

మీ తాత ఊరుకోలేదు. "గన్నేండ్లు దాక్కుంటే ఒంట్లె కాపలా ఏం జేసింది మేడం?"

"వైరస్ దూరిన సెల్ దాని ముక్కల్ని తన పైన బయటపెడుతుందండీ. యాంటిజెన్ అంటాం. ఒంటికి కాపలా కాసే టీ సెల్స్ ఒక్కో సెల్‌నీ తడిమి చూసి, ఆ ముక్క కనబడితే ఆ సెల్‌ని చంపేస్తాయి. వైరస్ నిద్రపోతుంటే ఆ ముక్కలు పెద్దగా బయటపడవు. వయసు పైబడితే కాపలా కూడా తగ్గుతుంది."

"మా మందల గొర్రె మూతి ఎత్తి సూసి, పుండుంటే పక్కకు గుంజినట్టు" అన్నాడు మీ తాత.

"మీరు పక్కన పెడతారు. ఇవి చంపేస్తాయి."

"సచ్చేటియి నా సెల్సే గదా బిడ్డా?" అన్నాను.

"మీవే. ఈ వాపు, మంట కొంత దానివల్లే."

ఎసైక్లోవిర్ మాత్రలు, కంట్లో డ్రాప్స్ ఇచ్చింది. బొబ్బలు ఎండాయి, ఎరుపు పోయింది. "కన్ను పాలలెక్క తెల్లగైంది, ఇగ సుక్కలెందుకే?" అన్నాడు మీ తాత. నిజమేననిపించి ఆపేశాను.

తర్వాత ఓసారి మిర్యాలగూడ బస్టాండులో ఎడమ కంట్లో దుమ్ము పడింది. అది మూసుకుని కుడి కంటితో చూస్తే బస్సు బోర్డు పొగలో ఉన్నట్టుంది. అక్షరం ఆనలేదు. అక్కడినుంచి అటే సూర్యాపేట పోయాం.

"వైరస్ తగ్గినా దాని ముక్కలు కార్నియాలో మిగిలాయి. మీ సెల్స్ వాటితో ఇంకా కొట్లాడుతున్నాయి. ఆ కొట్లాటని తగ్గించే డ్రాప్స్ అవి. ఎవరు ఆపమన్నారు?" అంది డాక్టరమ్మ. నేను మీ తాతను చూపించగానే అటు తిరిగింది. "మీరు డాక్టరా?"

"గొర్లకు డాక్టర్నే మేడం."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. మళ్ళీ చుక్కలు మొదలుపెట్టి, చాలా నెలలకు మెల్లమెల్లగా తగ్గించింది. ఆ నెలలన్నీ గొర్ల పని వదిలి వచ్చి, ఆ మొరటు చేత్తోనే నా రెప్ప ఎత్తి చుక్క వేసింది మీ తాతే. పొగ విడిపోయింది. మచ్చ అంచున చిన్నదే మిగిలింది. నుదురు ఇప్పటికీ అప్పుడప్పుడూ చురుక్కుమంటుంది. అయినా డాక్టరమ్మకూ, మీ తాతకూ, నాకోసం చచ్చిన నా సెల్స్‌కూ దండం పెట్టుకుంటాను.

రెండు కళ్ళూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డదాన్ని కప్పేస్తుంది పిల్లలూ. ఒక కంటికి జబ్బు చేస్తే, రెండోది మూసి రోజూ చూసుకోండి. నేను పొద్దున్నే వాకిట్లో నిలబడి ఎడమ కన్ను మూసి, దొడ్లో ఉన్న మీ తాతను చూస్తాను.

"ముసలితనంల గిదేందే, నాకు కన్ను గొడుతున్నవ్?" అంటాడు.

మీసం వెంట్రుకలతో సహా కనబడతాడు.