మోతీతో పరుగెత్తిన మా అక్క

పొద్దున మణికొండలో ఒకమ్మాయి కుక్కతో పరుగెత్తుతుంటే మా అక్క గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. డెబ్బైలలో ఇక్కడన్నీ బండలూ సీతాఫలం పొదలే కదా, మీకూ గుర్తుండే ఉంటుంది. తెల్లవారగానే అక్క లంగా ఎగ్గట్టుకుని మా కుక్క మోతీతో చెరువు కట్ట దాకా పరుగెత్తేది. వెనకాల నేను. మంచుకు తడిసిన గడ్డి వాసన, మోతీ రొప్పే చప్పుడు ఇప్పటికీ మరిచిపోలేదు.

అక్క పెద్దమనిషి అయ్యాక నానమ్మ అడ్డుపడింది.

"ఆడిపిల్లవు, ఇగ గిట్ల ఉరుకుతవా? నలుగురు ఏమంటరు?"

మర్నాడు మోతీ గడప దగ్గరికి వచ్చి అక్క ఓణీ పట్టుకుని గుంజింది. "నేను రాను, నువ్వు పో" అంటూ అక్క ఏడ్చింది. రోజూ ఇదే గోల అవుతుంటే నాయన దాన్ని గొలుసుతో కట్టేశాడు. అది సరిగా తినడం మానేసింది. ఆ వానాకాలంలోనే జబ్బుచేసి పోయింది. అక్క మళ్లీ ఎప్పుడూ పరుగెత్తలేదు.

ఇందాక అక్కకు ఫోన్ చేసి ఆ అమ్మాయి సంగతి చెప్పాను.  అక్క మెల్లగా అడిగింది.

"ఎవలు ముందట ఉరుకుతున్నరే, పిల్లనా కుక్కనా?"

"పిల్లనే అక్కా."

"ఉరకనియ్యి," అంది.